మొగలిపువ్వు అబద్ధం ఎందుకాడింది?

ఝరాసంగం అనగానే జహీరాబాదు వైపు వాళ్ళకు కేతకీ సంగమేశ్వరస్వామి గుర్తొస్తాడు. నాకు మాత్రం ముందు మా అవ్వ, ఆ తర్వాతే స్వామి. అపచారమే గాని, ఏం చెయ్యను? స్వామి కథ నాకు చెప్పింది ఆమే. కథ అంటే ఏమిటో చెప్పిందీ ఆమేనని తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కేతకి అంటే మొగలిపువ్వు. బ్రహ్మా విష్ణువూ నేను గొప్పంటే నేను గొప్పని వాదులాడుకుంటే, శివుడు మొదలూ తుదీ లేని జ్యోతిస్తంభమై నిలబడ్డాడట. కొస చూసి వచ్చానని బ్రహ్మ అబద్ధమాడితే, అవునని మొగలిపువ్వు సాక్ష్యం చెప్పింది. శివుడికి కోపం వచ్చి నా పూజకు పనికిరావు పొమ్మన్నాడు. ఆ శాపం పేరు చెప్పి శివపూజలో మొగలిపువ్వును దూరం పెడతారు. మా ఊళ్ళో మాత్రం ఆ పువ్వుతోనే స్వామికి పూజ! ఇంకో కథ కుపేంద్ర మహారాజుది. చర్మరోగంతో బాధపడుతూ వేటకొచ్చి, ఈ కేతకీవనంలోని నీళ్ళతో ఒళ్ళు కడుక్కుంటే రోగం పోయిందనీ, కలలో స్వామి కనబడితే గుడి కట్టించాడనీ స్థలపురాణం.

అవ్వ ఇంతటితో ఆగేది కాదు. "రోగమొచ్చినంక రాజుకు నలుగుర్ల కూసో బుద్ధిగాలే బిడ్డా. గందుకే యాట పేరు జెప్పి అడివి వట్టిండు" అనేది. మొగలిపువ్వు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేది. "అంత పెద్ద దేవుడు సాచ్చెం జెప్పుమంటే పువ్వెట్ల కాదంటది? బుగులుకు జెప్పింది పాపం."

నేనప్పుడు కాలేజీలో కొత్తగా చేరి, సాహిత్యంలోని పారిభాషిక పదాలు బట్టీపడుతున్నాను. "అవ్వా, పురాణంల లేని మాటలు కలుపకు" అన్నాను. "గట్లనా బిడ్డా" అని ఊరుకుంది.

ఇంతకీ నేను బట్టీపట్టిన ఆ మాటల వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇప్పుడు మనం అన్నిటినీ కథ అనేస్తాం గాని, పూర్వం అలంకారికులు అంత తేలిగ్గా వదల్లేదు. జరిగిన సంగతిని నాయకుడే చెప్పుకుంటే ఆఖ్యాయిక, కల్పించినదాన్ని మరొకరు చెబితే కథ అన్నాడు భామహుడు. ఏడో శతాబ్దపు బాణభట్టు హర్షచరితం ఆఖ్యాయిక, కాదంబరి కథ. అయితే దండి ఈ పంచాయితీ కొట్టిపారేసి, రెండూ ఒకే జాతి, పేర్లే వేరన్నాడు. ఎవరు చెబుతున్నారన్న ఈ పాత తగవే ఇవాళ మనం దృష్టికోణం అంటున్న మాటకు తాతలాంటిది.

ఇతివృత్తం అన్నమాట నాటకం నుంచి వచ్చింది. నాట్యశాస్త్రం దాన్ని నాటకానికి శరీరమంది. ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని కార్యానికి ఐదు అవస్థలు చెప్పింది. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ మరో అడుగు ముందుకేసి, ఇతివృత్తం విషాద నాటకానికి ఆత్మ అన్నాడు. 1927లో ఇంగ్లీషు రచయిత ఫార్‌స్టర్ కథకూ ఇతివృత్తానికీ తేడాను చిన్న ఉదాహరణతో తేల్చాడు. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే కథ. ఒకదాని వల్ల ఒకటి జరిగితే ఇతివృత్తం. మా ఊరి లెక్కలో చెప్పాలంటే, రాజుకు రోగమొచ్చింది, తర్వాత వేటకెళ్ళాడు అంటే కథ. రోగమొచ్చి నలుగురిలో కూర్చోలేక వేటకెళ్ళాడు అంటే ఇతివృత్తం. చూశారా, అవ్వ కలిపిన మాట ఎక్కడ పడిందో!

ఇక నవల సంగతి మరీ తమాషా. నరహరి గోపాలకృష్ణమ చెట్టి శ్రీరంగరాజ చరిత్ర 1872లో వచ్చింది. వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రం 1878లో వివేకవర్ధనిలో మొదలై 1880లో పుస్తకమైంది. అప్పటికి ఆ ప్రక్రియకు తెలుగులో పేరే లేదు. పంతులుగారు తమ రచనను వచన ప్రబంధమన్నారు. దాన్ని విమర్శిస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు నవల అన్న మాట వాడారు. ఇంగ్లీషు మాట వినిపిస్తుంది, కొత్తదనం చెప్పే సంస్కృతపు 'నవ' కూడా వినిపిస్తుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు!

కథానికది దీనికి తలకిందులు. పేరు అగ్నిపురాణం నాటిది. గద్యకావ్య భేదాలు ఐదింటిలో అదొకటి. మన ఆధునిక కథానిక మాత్రం ఇరవయ్యో శతాబ్దపు బిడ్డ. భండారు అచ్చమాంబ ధనత్రయోదశి 1902లో, గురజాడ దిద్దుబాటు 1910లో వచ్చాయి. ఏది మొదటిదన్న తగవులోకి నేను దిగను. పేరు ముందు పుట్టినా, బిడ్డ ముందు పుట్టినా, ఈ మాటలన్నీ కథ చెప్పేవాళ్ళు చేసిన పనికి పెట్టుకున్న పేర్లే. ఈ సంగతులు విడమరిచి చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి కథాశిల్పానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. నా కాలేజీ రోజుల్లో అలాంటి పుస్తకం నా చేతికి అందలేదు. అందినా అవ్వ మాట వినేవాణ్ణో లేదో!

ఆ రోజుల్లోనే మొగలిపువ్వు మీద ఒక కథ రాసి ఓ పత్రికకు పంపాను. ఇతివృత్తం ఉంది, వాతావరణం ఉంది, ఐదు అవస్థలూ వరసగా ఉన్నాయి. పురాణంలో లేని మాట ఒక్కటీ లేదు. నెల తిరక్కుండా గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. అంచున ఎర్రసిరాతో ఒక్క వాక్యం: "పువ్వు అబద్ధం ఎందుకాడిందో తెలియడం లేదు."

పాత్ర, సంఘర్షణ, దృష్టికోణం అని నేను నోట్సులో రాసుకున్న మూడు మాటలూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. జవాబు మా ఇంట్లోనే ఉంది. సెలవులకు ఊరెళ్ళి, అవ్వ పక్కన కూర్చుని, "అవ్వా, ఆ మొగలిపువ్వు కథ మళ్ళొకసారి జెప్పవా" అన్నాను.

చెప్పింది. బ్రహ్మ, విష్ణువు, జ్యోతిస్తంభం, సాక్ష్యం, శాపం, అన్నీ వరసగా చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు.

"పువ్వు బుగులుకు జెప్పిందంటివి గద అవ్వా?" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసి నవ్వింది. "పురాణంల లేదంటివి గద బిడ్డా" అంది.