ఉలవచారు పెళ్ళిళ్ళకి వెళ్ళింది, తునకలు ఇంట్లోనే ఉండిపోయాయి

ఈసారి యుద్ధాలు లేవు, రాజులు కూడా దాదాపు లేరు. ఒక కుండ ఉంది, అందులో ఉలవలు ఉడుకుతున్నాయి. దాని చరిత్ర చెప్తాను.

ముందు అమెరికా నుంచి మొదలుపెడతా, ఎందుకంటే మీలో చాలామంది ఫోన్‌లో ఆ వంటల వీడియోలు చూస్తారు. అక్కడ క్రిస్మస్‌కి హామ్ వండుతారు. హామ్ అంటే ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది తొడ. పండగ అయ్యాక ఎముక, దానికి అంటుకున్న నాలుగు ముక్కలు మిగుల్తాయి. వాటిని తెల్ల బీన్స్‌తో కలిపి గంటలకొద్దీ ఉడికిస్తే చిక్కటి సూప్ అవుతుంది. వాషింగ్టన్‌లో సెనేట్ క్యాంటీన్‌లో ఈ బీన్ సూప్ రోజూ ఉండాల్సిందే. 1943 సెప్టెంబరు 14న యుద్ధకాలపు రేషన్ వల్ల బీన్స్ చాలక ఆ సూప్ పెట్టలేకపోతే అది పేపర్‌లో వార్త అయింది. ఆ సూప్‌లో పడేది తొడ మాంసం కాదు, గిట్టకి పైనుండే కీలు ముక్క. బానిసత్వం ఉన్న రోజుల్లో తొడ యజమాని బల్ల మీదికి వెళ్ళేది, గిట్టలు, కీళ్ళు, తోకలు పనిచేసేవాళ్ళకి వచ్చేవి. ఇప్పుడు అదే కీలు ముక్క దేశం పెద్దల క్యాంటీన్‌లో గౌరవంగా కూర్చుంది.

ఇలాంటి కుండ మా దగ్గరా ఉంది. దాని కథ మాత్రం సగమే గౌరవంగా ముగిసింది.

మాది వెల్దుర్తి. కర్నూలు వెల్దుర్తి కాదు, మెదక్ వెల్దుర్తీ కాదు. మాచర్ల పక్కన, పల్నాడు జిల్లా వెల్దుర్తి. ఈ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్‌లో, అంతకుముందు మేమంతా గుంటూరు జిల్లా. "గుంటూరా? అయితే మాగాణి, వరి, కాలవలు" అనుకుంటారు బయటివాళ్ళు. మాది ఆ గుంటూరు కాదు. మాది మెట్ట. నల్లమల అంచు, రాతినేల, తండాలు, వానమీద ఆధారపడ్డ చేలు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. కుడి కాలవ కింద జిల్లాలో చాలా నేల తడిసింది. మా మండలం డ్యామ్‌కి అంత దగ్గరున్నా ఎత్తులో ఉంది కాబట్టి నీళ్ళు కిందికే పోయాయి. మా ఎత్తు పొలాల కోసం అనుకున్న వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. సాగర్ తర్వాత ఎన్ని తరాలో మీరే లెక్కేసుకోండి.

నీళ్ళు లేని చోట ఏం పండుతుంది? జొన్న, సజ్జ, కంది, అలసంద, ఉలవ. వీటిలో ఉలవ అన్నిటికంటే మొండిది. రెండు వానలు పడితే చాలు, రాళ్ళ మధ్య కూడా కాస్తుంది. కొత్తదేం కాదు. దక్షిణాదిలో నాలుగు వేల ఏళ్ళ కిందటి నవీన శిలాయుగపు ఊళ్ళని తవ్వితే మాడిపోయిన ఉలవ గింజలు, పెసర గింజలు దొరికాయి. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్ళతో వచ్చి ఐదొందల ఏళ్ళే. అంటే గుంటూరు కారం అని మనం మీసం తిప్పే సరుకు కంటే ఈ ఉలవ మూడున్నర వేల ఏళ్ళు పెద్దది.

అయితే ఉలవని ఎక్కువగా పండించింది మనుషుల కోసం కాదు, ఎద్దుల కోసం. దుక్కి కాలంలో ఎద్దుకి బలం కావాలి. రాత్రి నానబెట్టి, తెల్లారుజామున పెద్ద కాగులో నీళ్ళు పోసి, కట్టెల పొయ్యి మీద గంటలు గంటలు ఉడికించేవాళ్ళు. గింజలు ఎద్దు గాబులోకి పోయేవి. కాగులో ఎర్రటి చిక్కటి నీళ్ళు మిగిలేవి. ఆ నీళ్ళని పారబోయడానికి మనసొప్పక చింతపండు, ఉల్లిపాయ, ఎండుమిరపకాయ వేసి మరిగించి తాలింపు పెట్టారు. అదే ఉలవచారు. ఎద్దు తినగా మిగిలిందని మొహమాటం లేకుండా చెప్పొచ్చు. ఈ ప్రాంతంలో ఎద్దు అంత ముఖ్యం. అడవిలో పశువులు మేపుకుంటే బ్రిటిష్ ప్రభుత్వం వసూలు చేసే పన్ను పేరు పుల్లరి. ఆ పుల్లరి కట్టం అని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కాల్చి చంపారు. మించాలపాడు మా పక్క దుర్గి మండలమే.

ఇక కథలో రెండో సగం. సాధారణంగా ఫుడ్ వీడియోల్లో ఇది రాదు.

ఆ ఎద్దు ముసలిదై ఓ రోజు చస్తుంది. అప్పుడేం జరిగేది? ఊరి కట్టుబాటు ప్రకారం కళేబరం మాదిగవాడకి వచ్చేది. తోలు తీసి చెప్పులు, డప్పులు, బావిలోంచి నీళ్ళు తోడే కపిల బానలు చేసివ్వాలి. అది వెట్టి. మాంసం కూలి కింద లెక్క. వంద ఇళ్ళు పంచుకున్నా ఒక పూటలో తినలేనంత మాంసం, ఫ్రిజ్ లేదు, రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి పలచగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఆరేసేవాళ్ళు. వీటినే తునకలు అంటాం. మేకమాంసంతో చేస్తే కొన్ని ఇళ్ళల్లో ఉప్పుకండ అంటారు. ఎండ సంగతి చెప్పాలా? ఎండాకాలం వాతావరణ వార్తల్లో "రాష్ట్రంలో అత్యధికంగా రెంటచింతలలో" అని వింటుంటారు కదా, ఆ రెంటచింతల మాకు కూతవేటు దూరం. మూడు నాలుగు రోజుల్లో ముక్క చెక్కలా అయిపోతుంది. ఉప్పు నీటిని లాగేస్తుంది, ఎండ మిగతాది చూసుకుంటుంది. హామ్ వెనకున్న పని కూడా ఇదే: ఉప్పు పట్టించి తడి తీసేయడం. వాళ్ళకి చలి, పొగ తోడు, మాకు రెంటచింతల ఎండ తోడు.

ఆ ఉప్పు ఎక్కడిది? సముద్రం మాకు చాలా దూరం. కోస్తా ఉప్పు కొఠార్ల నుంచి లంబాడీలు ఎద్దుల మందల మీద ఉప్పు మోసుకుని లోపలి ఊళ్ళకి తెచ్చేవాళ్ళు, తిరుగుప్రయాణంలో ధాన్యం తీసుకెళ్ళేవాళ్ళు. రైళ్ళు, బ్రిటిష్ వాళ్ళ ఉప్పు చట్టాలు వచ్చి ఆ వ్యాపారం చచ్చిపోయింది. మా మండలం తండాలు చూసినప్పుడల్లా నాకు ఆ ఉప్పు మూటలు గుర్తొస్తాయి.

ఇప్పుడు కరువు సంగతి. 1832-33లో గుంటూరు కరువులో ఐదు లక్షల మంది జనాభాలో లక్షన్నర మంది చనిపోయారని, 74 వేల ఎద్దులు పోయాయని బ్రిటిష్ లెక్కలు చెప్తాయి. అలాంటి రోజులు తెలిసిన ఊళ్ళల్లో దండెం మీద తునకలు ఉండడం అంటే బ్యాంకులో డబ్బు ఉన్నట్టు.

సరే, ఇప్పుడు ఒకే ఎద్దు నుంచి రెండు తిండ్లు చూశాం. బతికున్నప్పుడు దాని దాణా నీళ్ళు రైతింట్లో చారు అయ్యాయి. చచ్చాక దాని మాంసం వాడలో తునకలు అయింది. మా నాయనమ్మ కుండలో ఈ రెండూ కలిసేవి. కూలికి డబ్బులివ్వని చోట ఉలవలు కొలిచి ఇచ్చేవాళ్ళు, తునకలు ఇంట్లో ఉండేవి. ఇంకేం కావాలి?

ఎలా చేసేదో చెప్తా, ఇందులో కొంచెం సైన్స్ కూడా ఉంది. పావుకిలో ఉలవలు రాత్రంతా నానాలి. వంద గ్రాముల తునకలని వేణ్ణీళ్ళలో అరగంట ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కడగాలి. లేకపోతే ఉప్పు నాలుకని కోసేస్తుంది. రెండూ కలిపి రెండు లీటర్ల నీళ్ళలో పొయ్యి మీద పెట్టాలి. చింతపండు ముందే వేయకూడదు. పులుపు తగిలితే గింజ తోలు మెత్తబడదు. విడిగా ఉప్పు అస్సలు వద్దు, తునక ఇచ్చే ఉప్పు చాలు, చివర్లో రుచి చూసి వేసుకోవచ్చు. ఇంకో విషయం, పల్నాడు అంతా సున్నపురాయి నేల, పిడుగురాళ్ళ సున్నం బట్టీలు మీకు తెలిసే ఉంటాయి. ఆ రాతిలోంచి వచ్చే బోరునీళ్ళలో కాల్షియం ఎక్కువ, అది గింజని గట్టిగా పట్టేస్తుంది. అందుకే మా ఊళ్ళో పప్పు ఉడకడానికి వేరే ఊళ్ళ కంటే ఎక్కువసేపు పడుతుంది, నాయనమ్మ వాననీళ్ళు దొరికితే వాటితోనే వండేది. ప్రెషర్ కుక్కర్‌లో అయితే పది పన్నెండు విజిల్స్. గింజ వేళ్ళ మధ్య చితికాక సగం గింజల్ని పప్పుగుత్తితో మెదిపి, అప్పుడు చింతపండు రసం, కారం, వెల్లుల్లి, ఉల్లిపాయ తాలింపు. పావుగంట మరిగితే గరిటెకి అంటుకునేంత చిక్కబడుతుంది. జొన్నరొట్టె దీనికి సరిజోడి. అన్నం రెండో స్థానమే అని నా అభిప్రాయం, తిట్టుకోండి.

మా నాన్న నరసరావుపేటలో హాస్టల్‌లో ఉండి చదువుకున్నాడు. ఇంటి నుంచి తెచ్చిన తునకల మూట ట్రంకుపెట్టె అడుగునే ఉండేది, అందరూ నిద్రపోయాక ఒక్కటి నోట్లో వేసుకునేవాడు. ఇంట్లో ఏం తిన్నావని ఎవరన్నా అడిగితే "చారన్నం" అనేవాడు. అబద్ధం కాదు. చారులో ఏముందో చెప్పలేదు, అంతే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ తిండిని వదిలేసినవాళ్ళందరూ సిగ్గుపడి వదల్లేదు. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం మానేయమని పిలుపిచ్చారు. ఆయన మాట్లాడింది రుచి గురించి కాదు. "మీకు చచ్చిందే వస్తుంది" అనే కట్టుబాటు గురించి. చాలా కుటుంబాలు ఆ మాట పట్టుకుని కళేబరం మోయడం మానేశాయి, దెబ్బలు కూడా తిన్నాయి. మన జిల్లా వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గబ్బిలంలో శివుడికి కబురు పంపేది కూడా ఆకలితో ఉన్న ఒక అరుంధతీసుతుడే. కాబట్టి తునకలు తినడం గర్వమని గాని, మానేయడం గర్వమని గాని ఒక్క ముక్కలో తేల్చేయలేను. కొనుక్కున్న మాంసంతో, ఇష్టంగా, సొంత కుండలో వండుకోవడం వేరు. వెట్టికి బదులు పడేసింది ఎండబెట్టుకోవడం వేరు. ముక్క ఒకలాగే ఉంటుంది.

మాచర్ల అనగానే మనకి చాపకూడు గుర్తొస్తుంది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నాడని పల్నాటి కథ చెప్తుంది. మేం దాన్ని చాలా గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కాకపోతే ఆ చాప చుట్టేశాక ఎనిమిది వందల ఏళ్ళు ఇదే నేల మీద ఎద్దులో ఏ భాగం ఎవరికి అన్నది పుట్టుకే తేల్చింది.

తర్వాత ట్రాక్టర్ వచ్చింది. దుక్కిటెద్దులు తగ్గిపోయాయి. ఇంక ఉలవలు ఎవరికి ఉడకబెట్టాలి? తమాషా ఏంటంటే అప్పుడే ఉలవచారు పైకి లేచింది. పెళ్ళి విందుల్లో మీగడ వేసి చిన్న గిన్నెల్లో పెట్టడం మొదలైంది, హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ వచ్చింది, ప్యాకెట్లలో అమెరికా వెళ్ళింది. ఒకప్పుడు గింజలు అసలు, నీళ్ళు మిగులు. ఇప్పుడు నీళ్ళు అసలు, గింజలు మిగులు. చారు తీసేశాక ఆ పిప్పి మళ్ళీ గేదెల దాణాకే పోతుంది.

తునకలు అలా వెళ్ళలేదు. ఆన్‌లైన్‌లో మేకమాంసం ఉప్పుకండ దొరుకుతోంది, మంచి ధరకే. ఎద్దు తునకలు మాత్రం ఇప్పటికీ ఎవరింటి దండెం మీద వాళ్ళవే, అడిగితే మాట మార్చేస్తారు. పోయిన ఎండాకాలం ఊరెళ్ళినప్పుడు మా అత్త ఉలవలు, తునకలు కలిపి వండింది. నేను ఫోన్ తీసి వీడియో తీస్తుంటే "కుండ తియ్యి, మొహం తియ్యొద్దురా" అంది. అందుకే ఈ ఎపిసోడ్‌లో మీకు చేతులే కనిపించాయి.

మీ ఇళ్ళల్లో ఎండు మాంసం ఏ పప్పులో వేస్తారో, దాన్ని ఏమంటారో కామెంట్స్‌లో రాయండి. చిక్కుడు గింజల్లో వేస్తామని ఇప్పటికే ముగ్గురు మెసేజ్ పెట్టారు, అది ఈ వారం వండి చూస్తా.