విమాన సంస్థ నష్టాల్లో పడితే ముందు కోత ఎవరికి? ఉద్యోగం పోతే చేతికి వచ్చేదెంత? పూర్తి వివరాలు ఇవే..

ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగం అంటే మంచి జీతం, నీటైన యూనిఫాం, ఊళ్లు తిరిగే అవకాశం అనుకుంటారు చాలామంది. కానీ మార్కెట్ కాస్త తలకిందులైతే ముందుగా వణికేది కూడా ఈ ఉద్యోగులే. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2022లో మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్, 2023లో గో ఫస్ట్.. ఇలా ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఇంతకీ విమాన సంస్థలు ఖర్చు ఎలా తగ్గించుకుంటాయి? ఉద్యోగం పోతే చట్టం ఏమిస్తుంది?

జీతాల మీదే కత్తెర ఎందుకు?

విమాన సంస్థకు అన్నింటికంటే పెద్ద ఖర్చు ఇంధనం. దాని ధర సంస్థ చేతిలో ఉండదు. ఏటీఎఫ్ జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి రాష్ట్రాలు వేసే వ్యాట్ అదనం. ఇక విమానాల్లో చాలావరకు లీజుకు తెచ్చినవే. అద్దె డాలర్లలో కట్టాలి. రూపాయి పడిపోతే బిల్లు దానంతటదే పెరుగుతుంది. పైగా ఈరోజు ఖాళీగా ఎగిరిన సీటును రేపు అమ్ముకోలేరు.

అందుకే డిమాండ్ పడిపోగానే సంస్థ వెంటనే చేయిపెట్టగలిగేవి రెండు మూడే ఉంటాయి. రూట్లు తగ్గించడం, విమానాలు వెనక్కి ఇవ్వడం, జీతాల ఖర్చు కోయడం.

కోత ఏ వరుసలో వస్తుంది?

సాధారణంగా ముందు కొత్త నియామకాలు ఆగిపోతాయి. ఆ తర్వాత ప్రొబేషన్‌లో ఉన్నవారు, కాంట్రాక్ట్ సిబ్బంది. తర్వాత అలవెన్సులు, జీతంలో కోత, లీవ్ వితౌట్ పే. చివరికి లేఆఫ్.

పైలట్లు, క్యాబిన్ క్రూ విషయంలో ఇంకో చిక్కు ఉంది. వాళ్ల చేతికి వచ్చే మొత్తంలో మంచి భాగం ఎగిరిన గంటల మీద ఆధారపడుతుంది. సర్వీసులు తగ్గితే చాలు.. ఎవరూ జీతం తగ్గించామని చెప్పకుండానే తగ్గిపోతుంది.

2008 అక్టోబర్‌లో జెట్ ఎయిర్‌వేస్ 1,900 మందిని తీసేయాలని నిర్ణయించింది. ముందు వేటు పడింది 800 మంది క్యాబిన్ క్రూ మీద. యూనిఫాంలోనే రోడ్డెక్కి నిరసన తెలపడంతో దేశమంతా చర్చ జరిగింది. దెబ్బకు చైర్మన్ నరేష్ గోయల్ వెనక్కి తగ్గి అందరినీ తిరిగి తీసుకున్నారు. కానీ 2019 ఏప్రిల్ 17న అదే సంస్థ చివరి విమానం ఎగిరింది. వేల మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు.

కొవిడ్ చూపించిన మూడు దారులు

2020 మార్చి 25 నుంచి రెండు నెలల పాటు దేశీయ విమానాలన్నీ నేలకే పరిమితమయ్యాయి. అప్పుడు ఒక్కో సంస్థ ఒక్కో దారి పట్టింది.

ఇండిగో ముందు జీతాలు తగ్గించింది. అది చాలక జులైలో 10 శాతం సిబ్బందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. తీసేసినవారికి నోటీస్ పే, సర్వీసును బట్టి పరిహారం ఇస్తామని చెప్పింది.

అప్పటికి ప్రభుత్వ చేతిలోనే ఉన్న ఎయిర్ ఇండియా లేఆఫ్ అనే మాట వాడలేదు. ఆరు నెలలు లేదా రెండేళ్లు జీతం లేని సెలవు.. అవసరమైతే ఐదేళ్ల దాకా పొడిగింపు. గవర్నమెంట్ సంస్థ కదా, ఏమీ కాదు అనుకున్నవాళ్లకు ఇది పెద్ద షాక్.

అమెరికాలో మూడో దారి కనిపించింది. జీతాల కోసం ప్రభుత్వం ఇచ్చిన సాయం గడువు ముగియగానే, 2020 అక్టోబర్ 1 నుంచి అమెరికన్, యునైటెడ్ సంస్థలు 32 వేల మందికి పైగా ఉద్యోగులను ఫర్లోలో పెట్టాయి. అయితే అది తాత్కాలికమే. డిసెంబర్‌లో మళ్లీ సాయం రావడంతో తిరిగి పిలిచారు. ఉద్యోగికి, సంస్థకు మధ్య తాడు తెగకుండా చూడటమే ఈ పద్ధతిలో అసలు విషయం.

మన చట్టం ఏం చెబుతోంది?

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని తీసేయాలంటే..

• నెల ముందు నోటీసు, లేదా నెల వేతనం ఇవ్వాలి
• పనిచేసిన ప్రతి పూర్తి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి
• రీస్కిల్లింగ్ ఫండ్ కింద మరో 15 రోజుల వేతనం జమ కావాలి
• ఆ విభాగంలో చివరగా చేరినవారిని ముందు తీయాలి. అలా చేయకపోతే కారణం రాసి పెట్టాలి
• ఏడాదిలోపు మళ్లీ నియామకాలు చేపడితే తీసేసినవారికే ముందు అవకాశం

మరి ఇది అందరికీ వర్తిస్తుందా? లేదు. మేనేజర్లు, నెలకు రూ.18 వేలకు మించి వేతనం తీసుకునే సూపర్‌వైజర్లు కార్మికుల కిందకు రారు. వాళ్లకు అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసి ఉన్నదే దిక్కు. ఇంకో ముఖ్యమైన సంగతి.. 300 మందికి పైగా ఉన్నచోట తొలగింపునకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అన్న నిబంధన ఫ్యాక్టరీలు, గనులు, తోటలకు మాత్రమే. విమాన సంస్థలకు ఆ అడ్డు లేదు.

అదే పైలట్ తనంతట తాను మానేయాలంటే? డీజీసీఏ నిబంధన ప్రకారం కో పైలట్ ఆరు నెలలు, కమాండర్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి.

సంస్థ మూతపడితే బకాయిలు వస్తాయా?

దివాలా చట్టంలో ఒక వరుస ఉంది. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు ఉన్న అప్పులతో సమానంగా. ఆ తర్వాతే మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లోని సొమ్మును మాత్రం అప్పులవాళ్లకు పంచడానికి వీల్లేదు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ పంచడానికి ఆస్తి ఉండాలి కదా! గో ఫస్ట్‌నే చూడండి. 2024లో ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో 54 విమానాలను లీజుదారులు వెనక్కి తీసుకునే వీలు కలిగింది. సంస్థ పేరుతో తిరిగిన విమానాలు సంస్థవి కావు మరి. 2025 జనవరిలో లిక్విడేషన్‌కు ఆదేశం వచ్చింది. జెట్ కేసులో ఆ ఆదేశం రావడానికి ఐదేళ్లకు పైగా పట్టింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కు ఆదేశించింది.

ఈ సంకేతాలు కనిపిస్తే జాగ్రత్త

కింగ్‌ఫిషర్, జెట్ రెండింట్లోనూ విమానాలు ఆగడానికి నెలల ముందే జీతాలు ఆలస్యమయ్యాయి. అందుకే జీతం తేదీ జరుగుతున్నా, విమానాలు ఒక్కొక్కటిగా వెనక్కి వెళ్తున్నా తేలిగ్గా తీసుకోవద్దు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా సొమ్ము పడుతోందా, జీతంలో కోసిన టీడీఎస్ ఫామ్ 26ఏఎస్‌లో కనిపిస్తోందా చూసుకోవాలి. పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, సెలవుల లెక్క కంపెనీ మెయిల్‌లోనే కాకుండా సొంతంగా దాచుకోవాలి. దివాలా ప్రక్రియ మొదలైతే గడువులోగా క్లెయిమ్ వేయాలి.

రాజీనామా చేయమని ఒత్తిడి వస్తే ఇంకా జాగ్రత్త. తనంతట తాను రాజీనామా చేసినట్టు సంతకం పెడితే, తొలగింపు పరిహారం అడిగే హక్కు చేజారినట్టే. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలి కాబట్టి, ఆ గడువుకు దగ్గర్లో ఉన్నవాళ్లు చివరి పనిదినం తేదీ చూసుకున్నాకే సంతకం పెట్టాలి.