ఇంటింటి పటము - నీటిరంగుల పురాణము



మార్కాపురం శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామివారి ఆలయమున స్తంభములపైని శిల్పములను చూచి మనము పరవశులమగుదుము. ఇంటికి మరలి దీపము వెలిగించి మ్రొక్కునది మాత్రము శిలకు కాదు, కాగితముపైని పటమునకు. అది ఎక్కడిదని గిద్దలూరు, త్రిపురాంతకము పల్లెలలో అడిగినచో "తిరునాళ్లలో కొన్నాము" అందురు. నిజమే గాని, ఆ తిరునాళ్లకు వెనుక పెద్ద చరిత్ర కలదు.

19వ శతాబ్దమున కలకత్తా కాళీఘాట్ ఆలయము చెంత పటువాలను చిత్రకారులు నివసించిరి. మిల్లు కాగితముపై నీటిరంగులతో కాళికను, శివపార్వతులను, యశోదాకృష్ణులను గీసి యాత్రికులకు స్వల్పమైన వెలకు అమ్మెడివారు. వెనుక చెట్టు లేదు, మేడ లేదు, తెల్లకాగితమే. త్వరగా గీయవలె, చౌకగా అమ్మవలె గనుక ఆ శైలి అట్లు కుదిరినది.

1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుకూటము నెలకొల్పెను. ఆయన మూలచిత్రములు తైలవర్ణములు; అచ్చుప్రతులు మాత్రము దేశమంతట వ్యాపించెను. అట్టి అచ్చుపటముల పోటీకి కాళీఘాట్ చేతిపని నిలువలేకపోయినది. ఆ చిత్రకారులను తలచిన జాలి కలుగును. అయినను లక్ష్మీ సరస్వతులు పేదవాని గోడపై వెలసినది ఆ యంత్రము చలువ వలననే.

మరియొక మాట. మన ప్రాంతము అప్పుడు మద్రాసు రాష్ట్రమున కర్నూలు జిల్లాలో ఉండెడిది. ప్రకాశం జిల్లాలో చేరినది 1970లో. ఆ రాష్ట్రమున ఆలయ ప్రవేశ చట్టము 1947లో వచ్చినది. అంతవరకు గర్భగుడి దీపమును కన్నులార చూడ నోచుకొనని దళిత సోదరులెందరో! వారి గడప దాటి లోనికి పోవుటకు పటములోని స్వామికి ఏ అడ్డును లేకపోయెను. ఈ మాటను ఆలయమువారమైన మేమే చెప్పవలెను.

ఆ 1947లోనే మద్రాసున "చందమామ" పత్రిక వెలువడినది. దాని ముఖచిత్రములతో మన ఇండ్లకు పురాణమును తెచ్చినవారిలో వడ్డాది పాపయ్యగారు (1921-1992) ముఖ్యులు. శ్రీకాకుళమున పుట్టి, కశింకోటలో డ్రాయింగు మాష్టారుగా పనిచేసిరి. బాల్యమున రవివర్మ కోదండరాముని పటము చూచి కుంచె పట్టిరని ప్రసిద్ధి. అయితే గురువువలె తైలవర్ణములకు పోక నీటిరంగులనే పెక్కుగా వాడిరి. అది కఠినమైన పని. కాగితపు తెలుపే వెలుగు కావలెను. ఒకసారి రంగు పారినచో దిద్దుట దుర్లభము. మన మార్కాపురం పలకపై బలపముతో ఆ బొమ్మలను చూచి గీసి, ఉమ్మితో తుడిచి, మరల గీసినవారము మేమును.

మొన్న ఒక పల్లెలో రావిచెట్టు మొదట అద్దము పగిలిన పటములు వానకు నానుచుండెను. ఒకదాని అంచున అచ్చుకూటము పేరు ఇంకను చదువ వీలుగానున్నది. మీ ఇంటి పాత పటములను తీసివేయదలచినచో ముందు అంచులను చూడుడు. చిత్రకారుని పేరు, అచ్చైన ఊరు కనిపించినచో వ్రాసి ఉంచుడు.