ఆటలో రాక్షసుడు

ఆట ఆటే, అందులో రాజకీయాలు వెతకడమేమిటని అడిగేవారు మనలో చాలామంది ఉన్నారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కురుపాంలో ఒక సాయంత్రం నా విద్యార్థులు నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, కాగితాలూ పాచికలూ ముందు పెట్టుకుని "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఆడుతున్నారు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవారు తలా ఒక పాత్ర పట్టి, తామేం చేస్తామో చెబుతారు. గెలుపోటములు పాచిక తేలుస్తుంది. కొండగుహలో ఉన్న ఆర్కులనే రాక్షసజాతిని చంపి, బంగారం తెచ్చుకుని లెక్క వేసుకున్నారు. అప్పుడు వారిలో సవర కుర్రవాడొకడు నన్నడిగాడు: "మాస్టారూ, ఆళ్ళ కొండలోకి మనమే గదా ఎల్లేం? మరి రాక్షసులు ఆళ్ళెలాగయ్యేరు?"

ఆ ప్రశ్నకు సమాధానం ఈ ఆట చరిత్రలో ఉంది.

దీని పూర్వరూపం సైనికాధికారుల బల్ల మీద పుట్టింది. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్విట్జ్ అనే అధికారి ఒక యుద్ధక్రీడను సమర్పించాడు. పటం, పాచికలు, తీర్పు చెప్పే మధ్యవర్తి అందులోనే ఉన్నాయి. దాని సంతతి ఆటలు ఆడుతూ వచ్చిన అమెరికన్లు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో కొత్త ఆట వెలువరించారు. సైన్యాన్ని నడిపే ఆటగాడు ఇందులో ఒక్క మనిషిగా మారాడు. ఇది మంచి మార్పు. అయితే ఆ మనిషికి లోకం కావాలి. ఆ లోకాన్ని అద్భుత నవలల నుంచి తెచ్చుకున్నారు. టోల్కీన్, హోవర్డ్, వాన్స్ వంటివారి రచనలకు తమ ఆట రుణపడి ఉన్నదని గైగాక్స్ 1979 నాటి పుస్తకంలో జాబితా వేసి చెప్పాడు. టోల్కీన్ రచనల హక్కుదారులు అభ్యంతరపెట్టగా "హాబిట్" అనే పేరు తీసేసి "హాఫ్‌లింగ్" అని పెట్టుకున్నారు. ఆర్కు మాత్రం ఉండిపోయాడు. పుట్టుకతోనే దుర్మార్గుడైన జాతి ఒకటి లేకపోతే ఆ ఆటకు చంపడానికి శత్రువు దొరకడు.

ఇంతకంటె ముఖ్యమైనది లెక్క. తొలినాటి నియమాల ప్రకారం ఆటగాడి హోదా పెరగడానికి రెండు దారులు: ఎదుటివాణ్ణి ఓడించడం, వాడి ధనం తేవడం. ఎదురుపడినవాడు శత్రువో మిత్రుడో పాచిక వేసి తేల్చే పట్టికా ఆ పుస్తకాల్లోనే ఉంది, కనుక వాడితో మాట్లాడే వీలు లేకపోలేదు. కాని మాటకు దక్కే ప్రతిఫలం తక్కువ. ఆట దేనికి విలువ ఇస్తుందో ఆటగాడు దాన్నే నేర్చుకుంటాడు.

కొండలోకి వెళ్ళి ధనం తెచ్చుకున్నవాడి హోదా పెరిగే ఈ ఆట కురుపాం ప్రాంతానికి కొత్తది కాదు. గిరిజనుల భూములు మైదానపు షావుకార్ల చేతుల్లోకి పోకుండా 1917లోనే ఏజెన్సీ ప్రాంతాలకు చట్టం చెయ్యవలసి వచ్చింది. అయినా భూములు పోతూనే వచ్చాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ లో గిరిజన సంఘం సభకు వెళుతున్నవారి మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడ పాచికలు లేవు.

మన సాహిత్యం ఈ దోషానికి అతీతమని నేననను. పురాణాల్లో, జానపద చిత్రాల్లో అడవి మనిషిని ఎన్నిమార్లు రాక్షసుడిగానో విదూషకుడిగానో చూశాం! కాని మనకు మరో సంప్రదాయం కూడా ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడనే యతి వెంట ఒక పశులకాపరి కుర్రవాడు నడుస్తాడు. దారిలో వాడు చూసిన వింతను గురించి అడుగుతాడు, గురువు చెప్పి తీరాలి. అక్కడ కథను కదిలించేది కత్తి కాదు, కాపరివాడి ప్రశ్న.

విమర్శ వృథా పోదనడానికి ఈ ఆటే నిదర్శనం. ప్రచురణకర్తలు 2020లో ఆర్కుల చిత్రణను సరిచేస్తామన్నారు. 2022లో "జాతి" అన్న మాటను విడిచిపెడుతున్నట్టు ప్రకటించారు. 2024 నాటి పుస్తకంలో ఆర్కు కూడా ఆటగాడు ధరించదగిన పాత్ర. ఇది మేలే. అయితే పేరు మారినంత సులభంగా లెక్క మారదు. దోచిన బంగారానికే విలువ కట్టినంతకాలం ఏదో ఒక కొండ మీద ఎవరో ఒకరు రాక్షసులుగా మిగులుతూనే ఉంటారు.

సవరలను అర్థం చేసుకోదలచిన గిడుగు రామమూర్తి పంతులు వారి దగ్గర కూర్చుని, వారి భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం వెలువరించాడు. అడిగి తెలుసుకోవడం అంటే అది. మా కుర్రవాళ్ళు మరుసటి వారం మళ్ళీ ఆడారు. ఈసారి కథ నడిపినవాడు ఆ సవర విద్యార్థే. గుహ ద్వారం దగ్గర ఆర్కుల పెద్ద నిలబడి ఉన్నాడు. "ఎవురు మీరు? ఎందుకొచ్చేరు?" అని అడిగాడు. ఆటగాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ పాచిక ముట్టుకోలేదు.