చిలకలపూడి బంగారం: పూత నిర్మాణం, గట్టిదనం

రేపల్లెకు కృష్ణా నది అవతల, మచిలీపట్నంలో భాగమైన చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు ప్రసిద్ధి. ఇటువంటి నగల మెరుపు బంగారానిదే అయినా, మన్నికను తేల్చేది పూత వేసిన తీరు. రాగి లేదా ఇత్తడి వస్తువును రుణధ్రువంగా లోహ లవణాల ద్రావణంలో వేలాడదీసి కరెంటు పంపితే లోహం దానిపై స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆ రేణువులు సన్నవయ్యేకొద్దీ పూత సాధారణంగా గట్టిపడుతుంది. కరెంటు సాంద్రత పెంచితే రేణువు సన్నబడుతుంది. హద్దు మీరితే అంచులు మాడి పూత పొడిగా రాలుతుంది. ద్రావణం వేడెక్కితే రేణువు పెద్దదై పూత మెత్తబడడమే ఎక్కువ.

అయితే వీటికన్నా బలంగా పనిచేసేవి ద్రావణంలో కలిపే చిటికెడు పదార్థాలు. శుద్ధ బంగారు పూత గట్టిదనం వికర్స్ కొలతలో 100 లోపే; సుమారు 0.2 శాతం కోబాల్టు చేరితే 130–200 వరకు వెళ్తుంది. నికెల్ పూతకు వాడే సాదా వాట్స్ ద్రావణంలో 150–200 ఉండే నికెల్ గట్టిదనం, శాకరిన్ కలిపితే 400 దాటగలదు. తీపికి వాడే ఆ శాకరినే!

గట్టిదనం ఒక్కటే చాలదు. అంతర్గత ఒత్తిడి పెరిగితే పూత పగులుతుంది. పలుచని పూతలో సూక్ష్మరంధ్రాలు మిగిలితే, బాపట్ల, రేపల్లె వంటి తీరప్రాంతాల ఉప్పుగాలి వాటిగుండా అడుగు లోహాన్ని చేరి నల్లబరుస్తుంది.