తెల్లబట్ట మీద చరిత్ర

హైదరాబాదులో పుట్టి, బరోడాలో చిత్రకళ నేర్చిన లావణ్య మణి నూలుబట్ట మీద కలంకారీ పద్ధతిలో, ప్రకృతిసిద్ధమైన రంగులతో చిత్రాలు వేస్తారు. వలసపాలన నాటి బట్టల వర్తకమూ, సముద్రయానాలూ ఆమె తీసుకున్న ఇతివృత్తాలు. ఒకప్పుడు ఓడల్లో సరుకుగా పోయిన బట్టే ఇప్పుడు ఆ వర్తకం కథ చెబుతుంది. ఆ చిత్రాలకు బలం అక్కడినుంచే వచ్చిందని నా అభిప్రాయం.

ఇదే చూపుతో మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలను చూడబోతే ఒక చిక్కు వస్తుంది. ఇక్కడి నేతగాళ్లు కంపెనీకి నేసింది ముఖ్యంగా బొమ్మలు లేని తెల్లబట్ట. దాన్ని పుంజాల లెక్కన, అనగా పడుగులోని పోగుల లెక్కన కొనేవారు. పుంజాలు పెరిగినకొద్దీ బట్ట చిక్కన. మరి బొమ్మ లేని బట్ట మీద చరిత్రను చదవటం ఎలాగ?

కాగితాల్లో చదవాలి. 1682లో విశాఖపట్నంలో వర్తకస్థానం పెట్టిన ఇంగ్లీషు కంపెనీ, 1766లో నిజాముతో చేసుకున్న ఒప్పందం తరవాత ఉత్తర సర్కారులకు ఏలిక కూడా అయింది. కొనేవాడే పాలకుడైనప్పుడు ఇక బేరమెక్కడిది? బయానా పుచ్చుకున్న నేతగాడు ఆ బాకీ తీరేదాకా మరొకరికి నేయకూడదు. నేసి తెచ్చిన బట్టకు తరగతి నిర్ణయించేది కంపెనీ మనుషులే. 1816, 1817లలో ఈ ఉత్తరకోస్తా నేతగాళ్లు ప్రభుత్వం మీదా, నడుమనున్న దళారుల మీదా తిరగబడ్డారు, అర్జీలు పెట్టుకున్నారు. చరిత్రకారిణి పి. స్వర్ణలత ఆ అర్జీలనూ, వాంగ్మూలాలనూ పరిశీలించి రాశారు. నేతగాడు ఎవరి మీద ఫిర్యాదు చేశాడో వారి దఫ్తరాల్లోనే అతని మాట మిగిలింది. మిగిలినంతవరకు అది కష్టజీవి మాట. దానికి విలువ ఉంది.

కళాకారుడు చరిత్రపాఠం చెప్పాలా అని కొందరు ఆక్షేపిస్తారు. పాఠం చెప్పమని నేననను. చేతిపనిని వస్తువుగా తీసుకున్నప్పుడు ఆ చేతుల గల మనిషిని వదిలిపెట్టరాదంటాను. ఓడనూ, దొరనూ, రంగునూ చూపి, అర్జీ పెట్టుకున్నవాణ్ణి చూపకపోతే ఆ చిత్రం సగమే.

ఇది పాత సంగతి మాత్రమే కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, స్త్రీలు నూరో నంబరు నూలు వడుకుతారు. గాంధీగారు మెచ్చిన ఖద్దరు అది. చూడవచ్చినవారు ఆ దవడ ఎముకను వింతగా చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. రోజంతా వడికితే ఎంత గిడుతుందని అడిగేవారు అరుదు. నూలు సన్నదనాన్ని మెచ్చుకొని కూలి మాట ఎత్తకపోవటం కంపెనీవారికి అలవాటైన పని. మన కళాకారులకూ, విమర్శకులకూ అది అలవాటు కారాదు.