పల్లపు ఊళ్ళ పిల్లలు, కొండ ప్రయాణాలు

సెలవులు దగ్గర పడ్డాయంటే మా బందరు, గుడివాడ ఇళ్ళల్లో ఒకటే చర్చ. అరకా, లంబసింగా, హార్స్‌లీ హిల్సా? కాటేజీ దొరుకుతుందా, పిల్లల స్వెట్టర్లు సరిపోతాయా, ఘాట్ రోడ్డులో వాంతులైతే ఎలా? ఇదంతా ఈ కాలంలో వచ్చిన సరదా అనుకుంటాం. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా" అని పెద్దవాళ్ళూ అంటారు. నాకు మాత్రం అలా అనిపించదు. చంటిపిల్లల్ని చంకనేసుకుని కొండెక్కడం కృష్ణా డెల్టా ఆడవాళ్ళకి పాత పనే. కాకపోతే అప్పుడు ఎక్కింది సరదాకి కాదు, పిల్లలు బతకాలని.

మా ప్రాంతం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్తాను. బందరులో రైలెక్కి గుడివాడ మీదుగా వెళ్తుంటే వరిచేలు, కాలవలు, చేపల చెరువులు, తాటిచెట్లు. బెజవాడ చేరి ఇంద్రకీలాద్రి కనపడేదాకా కొండ అన్నమాట లేదు. మా పిల్లలు డ్రాయింగు పుస్తకంలో రెండు త్రికోణాలు గీసి మధ్యలో సూర్యుణ్ణి పెడతారు. ఆ సూర్యుడు మాకు సముద్రంలోంచి వస్తాడుగానీ కొండల మధ్య నుంచి ఏనాడూ రాలేదు.

అలాంటి చోట పుట్టిన పిల్లలు మొదటిసారి కొండ ఎక్కేది ఎప్పుడు? చాలా ఇళ్ళల్లో పుట్టువెంట్రుకలు తీయించడానికి. దివిసీమలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు దగ్గర్లోనే ఉన్నాడు, చెవులు కుట్టించడానికీ జుట్టు తీయించడానికీ అక్కడికే వెళ్ళేవాళ్ళు చాలామంది. కానీ బిడ్డకి పెద్ద జబ్బు చేసి తేరుకుంటే, లేదా ఇద్దరు ముగ్గురు పోయాక ఒకడు నిలబడితే, మొక్కు ఏడుకొండలవాడికే. ఇప్పుడు మనకి తిరుపతి అంటే ఒక రాత్రి రైలు ప్రయాణం. 1908లో బెజవాడ నుంచి బందరుకి రైలు రాకముందు, బెజవాడ దాకానే కాలవలో పడవ మీదో, ఎడ్లబండి మీదో వెళ్ళాలి. అంతా అయి అలిపిరి చేరితే అక్కడ 3,550 మెట్లు. మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది 1944లో. అప్పటిదాకా డోలీకి డబ్బులున్నవాళ్ళు డోలీలో, లేనివాళ్ళు కాళ్ళమీద. మోకాళ్ళ పర్వతం దగ్గర మనం ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్టు విప్పి, నీళ్ళసీసా మూత తీసి, కాసేపు కూలబడతాం. ఏడాది బిడ్డని ఎత్తుకుని, పైన సత్రంలో వండుకోవడానికి బియ్యం, పప్పు మూటగట్టుకుని ఎక్కిన ఆవిడని తలుచుకుంటే నాకు కూర్చున్నచోట కాస్త సిగ్గేస్తుంది. అడ్వెంచర్ ట్రిప్ అని మనం దేన్నంటున్నామో అది ఆవిడ ఎప్పుడో చేసేసింది. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు మొక్కు తీర్చుకోవడం.

అదే కాలంలో మా బందరు నుంచే ఇంకో రకం కొండ ప్రయాణం జరిగింది. నోబుల్ కాలేజీ తెలియని బందరువాళ్ళు ఉండరు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అని ఇద్దరు మిషనరీలు బందరు వచ్చారు. నోబుల్ 1843లో బడి పెట్టాడు, పెళ్ళి చేసుకోలేదు, తిరిగి తన దేశం వెళ్ళలేదు, 1865లో ఇక్కడే పోయాడు. ఊరంతా గుర్తుపెట్టుకున్నది ఆయన్నే. ఫాక్స్‌ది సంసారం, భార్యతోనే వచ్చాడు. కొద్దికాలానికే బందరు వాతావరణం పడక ఆరోగ్యం చెడి నీలగిరి కొండలకి వెళ్ళి, 1844 అక్టోబరు దాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. దక్షిణ దేశంలో ఇంకా ప్రయాణికుల రైలు అన్నదే లేని రోజులవి. జబ్బుమనిషి బందరు నుంచి ఊటీ దాకా చేరాలంటే ఎన్ని రోజులు పట్టి ఉంటుందో మీరే ఊహించుకోండి. తిరిగొచ్చిన మరుసటి ఏడాది భార్య ఆరోగ్యం పాడైంది. ఇంగ్లండ్ తీసుకెళ్దామని ఓడ ఎక్కిస్తే ప్రయాణం మొదట్లోనే ఆవిడ కన్నుమూసింది. తల్లిలేని పిల్లల్ని తీసుకుని ఆయన మిగతా ప్రయాణం చేశాడు. మళ్ళీ బందరు వచ్చాడు, మళ్ళీ ఆరోగ్యం చెడింది, 1848లో ఇంగ్లండ్ వెళ్ళి ఆ అక్టోబరులోనే పోయాడు. అప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళు.

దొరలు చల్లగా ఉంటుందని విలాసానికి కొండలెక్కారని స్కూల్లో చదువుకున్నాం. విలాసం ఉంది, కాదనను. కానీ దాని కింద ఇలాంటి భయం కూడా ఉంది. జ్వరం చెడు గాలి వల్ల వస్తుందనుకునేవాళ్ళు. మలేరియా అన్న మాటకి అర్థమే చెడు గాలి. పల్లంలో పెరిగితే పిల్లలు దక్కరని వాళ్ళ నమ్మకం. దోమ సంగతి రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చింది 1897లో. అప్పటికే కొండల మీద బంగళాలు, బళ్ళు, బజార్లు అన్నీ వెలిశాయి. ఆ పిల్లల వెంట ఆయాలూ కొండెక్కేవాళ్ళు. దొరసాని బిడ్డ నిమ్మళంగా చల్లగాలి పీలుస్తుంటే, ఆ ఆయా బిడ్డ కింద ఎవరి దగ్గర ఉన్నట్టు? ఈ ప్రశ్న నన్ను ఎప్పుడూ వదలదు.

మన హార్స్‌లీ హిల్స్ కూడా ఆ వరసలోదే. 1860లలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కొండకి ఆయన పేరు పడిపోయింది. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్లని ఏనుగులు సాకాయని, ఆ పిల్ల చుట్టుపక్కల వాళ్ళ జబ్బులు నయం చేసేదని, ఒకరోజు మాయమైపోయిందని అక్కడ కథ. ఇల్లు కట్టినాయన పేరు బోర్డు మీద ఉంది, జబ్బులు తగ్గించిన పిల్ల పేరు లేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ కథ చెప్పి మరీ తీసుకెళ్ళండి.

ఇక మాకు దగ్గరైన తూర్పు కొండల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉండేది. అరకు, మారేడుమిల్లి అనగానే ఇప్పుడు మనకి మంచు, కాఫీ తోటలు గుర్తొస్తాయి. మా తాతల కాలంలో మన్యం అంటే చలిజ్వరం. 1879లో రంప తిరుగుబాటు అణచడానికి వెళ్ళిన పోలీసులనీ సైనికులనీ కూడా ఆ జ్వరం పడగొట్టింది. ఏజెన్సీలో ఉద్యోగం వేశారంటే ఇంట్లో ఏడుపులు. ఊటీలో ఉన్నట్టు దొరల బంగళాలు అక్కడ బారులు తీరకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆ జ్వరాల మధ్యే అక్కడి గిరిజన తల్లులు పిల్లల్ని పెంచుకొచ్చారు, వాళ్ళకి పారిపోవడానికి వేరే కొండ లేదు. 1953 నుంచి ప్రభుత్వం ఊరూరా డీడీటీ చల్లించి మలేరియా మీద పడ్డాక కొంత మారింది. ఆ తరవాత 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకి పంపడం కోసం కొత్తవలస నుంచి కిరండూల్‌కి కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. మన పిల్లలు అద్దాల పెట్టెలో కూర్చుని కేరింతలు కొట్టే సొరంగాలు అవే. (ఏజెన్సీలో మలేరియా పూర్తిగా పోలేదు. వానాకాలం వెళ్తే దోమల మందు, నిండు చేతుల చొక్కాలు తప్పనిసరి.)

అరకుకి మంచి సీజను నవంబరు. మాకేమో నవంబరు తుఫాను నెల. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరుని ముంచేసి ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడింది. సర్కారు లెక్కలోనే దాదాపు పదివేల మంది. ఐదారు మీటర్ల ఎత్తున నీళ్ళొస్తే, పల్లంలో ఎక్కడికి పరిగెడతారు? మేడ ఎక్కినవాళ్ళు, బడి పైకప్పు ఎక్కినవాళ్ళు, చెట్టు కొమ్మ దొరికినవాళ్ళు మిగిలారు. చేతుల్లోంచి పిల్లలు జారిపోయిన తల్లులు ఇంకా మా ఊళ్ళల్లో ఉన్నారు. ఆ తరవాతే తీరం వెంట స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి. మా దివిసీమకి కొండలంటే అవే.

మా అత్తగారిది అక్కడి ఊరే. ఆ రాత్రి ఒక డాబా మీద ఉండి బతికారు. ఆవిడ ఆ కథ ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు. నవంబరులో గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, రాత్రంతా వరండాలో కూర్చునేవారు. కొన్నేళ్ళ కిందట అదే నెలలో మేమూ, మా మరిదిగారి కుటుంబమూ కలిసి విశాఖపట్నం మీదుగా అరకు వెళ్ళాం. అనంతగిరి దగ్గర కొండవాలులో ఒక చిన్న లాడ్జి. రాత్రికి హోరుగాలి, తలుపులు కొట్టుకుంటున్నాయి. పిల్లలు దుప్పట్లలో దూరి భయం భయం అని నవ్వుతున్నారు. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ మంకీ క్యాపు సర్దుకుని, "ఎంత ఎత్తున ఉన్నామే అమ్మాయ్?" అని అడిగారు. మూడు వేల అడుగులు దాటి ఉంటుందన్నాను. "అయితే రాదులే" అన్నారు. ఏది రాదో చెప్పలేదు. పిల్లలు అడిగారు. అప్పుడు చెప్పారు, మొదటిసారి, ఆ డాబా గురించి, తెల్లారాక కిందికి చూసినప్పటి సంగతి గురించి. చెప్పడం అయ్యాక ముసుగు పెట్టి పడుకున్నారు, పొద్దెక్కేదాకా లేవలేదు.

మర్నాడు పిల్లలు గుర్రం ఎక్కారు, బొంగులో చికెన్ తిన్నారు, బొర్రా గుహల్లో గొంతు చించుకుని అరిచారు. అవన్నీ వాళ్ళు మర్చిపోయినట్టే ఉన్నారు. ఆ సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్తే మాత్రం, సంచులు కూడా దించకుండా ఇద్దరూ తుఫాను షెల్టరు దగ్గరికి పరిగెత్తి మెట్లు లెక్కపెట్టారు. ఇరవై ఏడని ఒకడు, ఇరవై ఎనిమిదని ఒకతి, మధ్యాహ్నం భోజనాల దాకా దెబ్బలాడుకుంటూనే ఉన్నారు.